తోకచుక్కకు ముహూర్తం

1758, పారిస్. ముగ్గురు మనుషులు ఆరు నెలలుగా అంకెలే లోకంగా బతుకుతున్నారు. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా అదే పని, ఒక్కోసారి అన్నం ముందు కూడా అదే. గణితవేత్త క్లేరో, కుర్రాడు లలాండ్, గడియారాల తయారీదారు భార్య నికోల్ రేన్ లపోత్. వాళ్లు వెతుకుతున్నది ఒక తేదీ.

1531, 1607, 1682ల్లో కనిపించినవి మూడు తోకచుక్కలు కావు, ఒక్కటేనని ఎడ్మండ్ హేలీ 1705లోనే చెప్పాడు. 1758 చివర్లో మళ్లీ రావచ్చన్నాడు. వస్తే చూడ్డానికి ఆయన లేడు, 1742లోనే పోయాడు. చిక్కేమిటంటే ఒకసారి 76 ఏళ్లకు వచ్చింది, తర్వాత 75 ఏళ్లకే వచ్చేసింది. దారిలో గురుడు, శని దాన్ని అటూ ఇటూ లాగుతుంటాయి. ఆ లాగుళ్లన్నీ నూటయాభై ఏళ్ల పొడవునా అంచెలంచెలుగా కూడుకుంటూ రావాలి, అదీ చేత్తో.

కూడితే తేలింది: ఈసారి గురుడి వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు ఆలస్యం. 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది, ఒక నెల అటూ ఇటూ కావచ్చు అన్నాడు క్లేరో. 1758 క్రిస్మస్ రాత్రే డ్రెస్డెన్ దగ్గర పాలిచ్ అనే రైతు తన దూరదర్శినిలో దాన్ని పట్టుకున్నాడు. సూర్యుడి దగ్గరికి అది చేరింది మార్చి 13న. ముహూర్తం నెల రోజులు తప్పింది. డెబ్బై ఆరేళ్ల ప్రయాణంలో నెల! నన్నడిగితే నూటికి తొంభై తొమ్మిది మార్కులు వేస్తాను. లపోత్ పేరు మాత్రం క్లేరో 1760లో వేసిన పుస్తకంలో లేదు. ఆ తప్పుకు మార్కుల్లేవు.

1910 నాటికి గ్రహాల లాగుడు లెక్కలు బాగా పదునెక్కాయి. గ్రీనిచ్‌లో కోవెల్, క్రోమెలిన్ ఏప్రిల్ 17 అన్నారు. వచ్చింది 20న. మళ్లీ మళ్లీ సరిచూసినా ఆ రెండు మూడు రోజులు ఎక్కడివో తేలలేదు. ఎంకీ అనే మరో తోకచుక్కదీ ఇలాంటి పేచీయే. కాకపోతే అది ప్రతిసారీ రెండున్నర గంటలు ముందొచ్చేది.

గుట్టు 1950లో ఖగోళవేత్త ఫ్రెడ్ విపుల్ విప్పాడు. తోకచుక్క అంటే మంచూ మట్టీ కలిసిన ముద్ద. ఎండ తగిలినవైపు మంచు ఆవిరై ఎగజిమ్ముతుంది, ముద్ద దానికి ఎదురువైపు జరుగుతుంది. రోహిణి కార్తెలో మనకు ఎండ మాడ్చేది పన్నెండింటికి కాదు, రెండూ రెండున్నరకు. తోకచుక్కకూ అంతే, ఆవిరి ఎక్కువగా చిమ్మేది దాని మధ్యాహ్నం వాలాక. కాబట్టి తోపు సూటిగా కాక కొంచెం పక్కకు పడుతుంది. ముద్ద ఎటు తిరుగుతోందన్న దాన్నిబట్టి ఆ తోపు ప్రయాణానికి సాయమో, అడ్డమో అవుతుంది. సాయమైతే కక్ష్య పెరిగి రాక ఆలస్యమవుతుంది, అడ్డమైతే త్వరపడుతుంది. తమాషాగా లేదూ! హేలీ తోకచుక్కకు ఈ తోపు వల్ల ప్రతి చుట్టుకూ నాలుగు రోజుల ఆలస్యం.

ఈ ఆవిరి తోపును కూడా లెక్కలో కలిపాక ఏమైందో చూడండి. 1982 అక్టోబరు 16న పాలొమార్ కొండమీది అయిదు మీటర్ల దూరదర్శినిని చెప్పిన చోటికి తిప్పారు. శని కక్ష్యకు ఆవల ఉన్న తోకచుక్క అక్కడే దొరికింది. తేడా పున్నమి చంద్రుడి వెడల్పులో సుమారు రెండొందలో వంతు. 1986 మార్చిలో సోవియట్‌వాళ్ల వేగా నౌకలు ముందుగా వెళ్లి దాని కేంద్రకం జాడ చెబితే, యూరప్ నౌక జొట్టో ఆ ఆనవాలు పట్టుకుని 600 కిలోమీటర్ల దగ్గరికి దూసుకెళ్లింది.

ఈసారి ముహూర్తం 2061 జులై 28. మీ ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే ఈ తేదీ రాసిపెట్టుకోమనండి.