పాలమూరు కూలీకి చిట్టా యేది?

మారిషస్ ద్వీపమందలి తెలుగువాడు తన ముత్తాత యూరిపేరు దెలియగోరినచో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో విచారింపవచ్చును. 19వ శతాబ్దిలో చెఱకుతోటలకు గొనిపోబడిన కూలీల పేరు, తండ్రిపేరు, కులము, గ్రామము, ఎక్కివచ్చిన యోడ అచటి చిట్టాలలో నున్నవి. కొందఱి ఛాయాపటములును గలవు. ఆంగ్లేయుడు వానిని వ్రాయించినది దయచేత గాదు. కూలీ తోట విడిచి పాఱిపోకుండుటకు. అయినను ఆ సంకెలయే నేడు మునిమనుమలకు దారి చూపుచున్నది.

స్వదేశమున వలసపోయినవారి మాట యేమి? కృష్ణాతుంగభద్రలు చెంతనే పాఱుచున్నను చేలెండి, మేస్త్రీ ముందుగా నిచ్చిన సొమ్మునకు గట్టువడి, గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలవారు దూరదేశములకేగి ఆనకట్టలు గట్టిరి. పాలమూరు కూలీలని వారికి పేరు. ఆనకట్టలు నిలిచినవి, కట్టినవారిలో పెక్కండ్ర పేరులు మేస్త్రీ బాకీలెక్కలతోనే మాసిపోయినవి.

గుత్తదారు పరరాష్ట్రమునకు గొనిపోవు కూలీకి ఛాయాపటముతో పాసుపుస్తక మియ్యవలెనని 1979లోనే పార్లమెంటు శాసించెను. శాసనము కాగితముననుండగా కూలీ కడుపు నిండునా? ప్రతి గ్రామపంచాయతీయు వలసచిట్టాను దెరువవలెను: ఎవరు, ఎవరివెంట, ఎచటికి, ఎంత బాకీపై పోయిరో యందు వ్రాయవలెను. పనిచోట ప్రమాదము గలిగిన నాడు భార్యాబిడ్డలకు అదియే యాధారము. రేపు మనుమలకు అదియే వంశచరిత్ర. పరప్రభుత్వము బంధించుటకు వ్రాసినదానిని స్వప్రభుత్వము రక్షించుటకు వ్రాయజాలదా?