పుల్లకట్టలో పదుల స్థానము

నూట అయిదు వ్రాయుమనిన బాలుడు మొదట నూరు వేసి, దాని ప్రక్కనే అయిదు చేర్చి, 1005 అని పలక చూపుట ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన ఉపాధ్యాయులకెల్ల అనుభవమే. దానిని అశ్రద్ధగా నెంచి దండింపరాదు. చెవికి వినబడిన మాటను ఆ వరుసలోనే అతడు వ్రాసినాడు. అంకె తన రూపమునుబట్టి యొక విలువను, నిలిచిన చోటునుబట్టి మరియొక విలువను పొందునని వాని కింకను తెలియదు. స్థానము మారినకొలది విలువ పదిరెట్లగునని ఆర్యభటుడు 499 ప్రాంతమున సూత్రీకరించెను. శూన్యముతో గణించు నియమములను బ్రహ్మగుప్తుడు 628లో వ్రాసెను. అట్టి మేధావులు కుదిర్చిన యీ యేర్పాటును ఆరేండ్ల శిశువు నల్లబల్లపై గీసిన రెండు గడులు చూచి ఒక్క పూటలో గ్రహింపవలెననుట అత్యాశ.

మార్కాపురపు పలకలు దేశమందలి బడిపిల్లల కెందరికో అక్షరములను, అంకెలను దిద్దించినవి. అయినను సంఖ్య పలకపైకి ఎక్కుటకు పూర్వము చేతిలో ఆడవలెను. చంద్రశేఖరపురము వంటి మెట్టపల్లెలో అందుకు కావలసిన సామగ్రికి వెల లేదు: చింతపిక్కలు, చీపురుపుల్లలు, ఎండిన కందికట్టె ముక్కలు.

పుల్లలను గుట్టగా పోసి లెక్కింపుమనవలెను. పది కాగానే నారతోనో రబ్బరు బ్యాండుతోనో కట్ట కట్టించి ఎడమప్రక్క నుంచి, మిగిలిన విడిపుల్లలను కుడిప్రక్క నుంచవలెను. పది కట్టలు చేరినపుడు వానినన్నిటిని కలిపి వందకట్ట చేయింపవలెను. ఈ కట్టలను ఉపాధ్యాయుడు ముందుగా సిద్ధపరచి తేరాదని నా దృఢమైన అభిప్రాయము. పది ఒకట్లే ఒక పది యగునను జ్ఞానము, ఆ ముడిని తానే వేసిన చేతికి కలిగినట్లు, చూచిన కంటికి కలుగదు. ముప్పదిరెండులో పదునేడు తీసివేయవలసివచ్చినపుడు రెండు విడిపుల్లలలో ఏడు పోవని బాలునికి తానుగా తోచును. ఒక కట్ట విప్పును. పండ్రెండు విడిపుల్లలలో ఏడు తీసి, మిగిలిన రెండు కట్టలలో నొకటి తీసి, పదునైదు చూపును. మనము పలకపై 'అప్పు తెచ్చుట' యని నేర్పు తంతు అంతయు ఆ విప్పిన ముడిలోనే యున్నది. నూట అయిదును పేర్చినపుడు వందకట్ట యొకటి, విడిపుల్లలు అయిదు, నడుమ చోటు ఖాళీ. ఆ ఖాళీని కాపాడుటకే సున్న యని అప్పుడు చెప్పినచో 1005 మరల వ్రాయుట అరుదు.

1939లో మద్రాసు వచ్చి అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మరియా మాంటిస్సోరి పూసల సామగ్రి యందును ఇదే మర్మమున్నది: ఒంటిపూస ఒకటి, తీగకు గ్రుచ్చిన పూసలు పది, అట్టివి పది చేర్చిన చదరము నూరు, పది చదరముల ఘనము వేయి. వేయిని ఎత్తిన చేతికి దాని బరువు తెలియును.

మన బడులలోని పూసల చట్రము ఇట్టిది కాదు. అందు పదుల కడ్డీపై పూసయు ఒకట్ల కడ్డీపై పూసయు ఒకే పరిమాణమున నుండును, భేదమంతయు స్థానమునందే. కావున అది పుల్లకట్టల తరువాత రావలసిన మెట్టు. దానితోనే పాఠము నారంభించుట వలన పిల్లలు పూసలను లెక్కింతురే గాని పదులను చూడరు.

ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును నా మనవి యొకటే. రెండంకెల కూడిక పలకపై మొదలిడక పూర్వము కొన్ని వారములపాటు పిల్లలచేత కట్టలు కట్టించుడు, విప్పించుడు; తొందరపెట్టకుడు.