నడుముకు సూది ఇస్తే పిల్లగాడు నడవడా?

పోచారం కట్ట కింది ఊళ్ళలో పిల్లవాడికి గజ్జల్లో హెర్నియా అని తేలితే, ఆపరేషన్ కన్నా ఎక్కువగా భయపెట్టేది సూది. మెదక్ పోవాలా, కామారెడ్డి పోవాలా, హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రికి పోవాలా అన్నది తర్వాతి మాట. "నడుముకు సూది ఇస్తరట, ఇగ పోరడు సక్కగ నడుస్తడా?" అన్న ప్రశ్న ముందు లేస్తుంది.

అపోహ: వెన్నుకు సూది ఇస్తే కాళ్ళు పడిపోతాయి.

వాస్తవం: పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగుతుంది, సూది దానికి కిందే వేస్తారు. పుట్టిన బిడ్డలో మూడో పూస దాకా ఉంటుంది కాబట్టి పసివాళ్ళకు సూది ఇంకా కింద వేస్తారు. పిల్లలకు ఎక్కువగా ఇచ్చే కాడల్ బ్లాక్ అనే సూది అయితే మరీ కింద. బిడ్డను పక్కకు తిప్పి, మోకాళ్ళు పొట్టకు ముడిచి, పిరుదుల చీలికకు కాస్త పైన వేలికి తగిలే చిన్న గుంటను మత్తు డాక్టర్ తడిమి పట్టుకుంటారు. మందు లెక్క బరువును బట్టే: 10 కిలోల బిడ్డకు బుపివకైన్ అనే మత్తు మందు 25 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలోని పిల్లల ఆసుపత్రులు లక్షకు పైగా ఇలాంటి బ్లాకులను లెక్కగట్టి 2018లో ఫలితాలు ప్రకటించాయి. శాశ్వతంగా నరం దెబ్బతిన్న బిడ్డ ఒక్కరూ లేరు. తిమ్మిరి వంటి తాత్కాలిక ఇబ్బందులు 10,000కు రెండు మూడు.

ప్రమాదం అసలే లేదని కాదు. మందు పొరపాటున రక్తంలోకి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే మత్తు డాక్టర్, మానిటర్, ఆక్సిజన్ ఉన్నచోటే చేయించాలి. ఇక జీవితాంతం నడుము నొప్పి అన్నది ఉత్త మాట. సూది పడ్డ చోట కొద్ది రోజులు సలుపు ఉండవచ్చు, అంతే.

మత్తు గురించి పొరబడింది ఊరి జనమే కాదు. 1888, 1889లో నిజాం సొమ్ముతో హైదరాబాద్‌లో పనిచేసిన క్లోరోఫాం కమిషన్లు, ఆ మత్తు మందు గుండెను నేరుగా ఆపదని తేల్చి చెప్పాయి. అది తప్పని 1911లో రుజువైంది.

అపోహ: నిద్ర మత్తు ఇచ్చాక మళ్ళీ సూదెందుకు? బిల్లు పెంచడానికే.

వాస్తవం: మూడేళ్ళ పిల్లవాణ్ణి కదలకుండా పడుకోమంటే పడుకుంటాడా? అందుకే ముందు నిద్రపుచ్చి, ఆ తర్వాతే సూది వేస్తారు. దానివల్ల నిద్ర మత్తు తక్కువ సరిపోతుంది, లేచాక కొన్ని గంటలు నొప్పి ఉండదు. నెలల బిడ్డలకు మాత్రం కొన్నిసార్లు మెలకువలోనే సూది ఇస్తారు. అలా చేసిన బిడ్డలనూ, నిద్ర మత్తు ఇచ్చిన బిడ్డలనూ ఏడు దేశాల్లో ఐదేళ్ళ వయసు దాకా గమనించారు. గంటలోపు ఒక్కసారి ఇచ్చిన మత్తుతో తెలివితేటల్లో తేడా రాలేదని 2019లో తేలింది.

అపోహ: నడుము కింది సూదే కదా, ఇన్ని పాలు పడితే ఏమైతది?

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. మత్తులో ఉండగా కడుపులోవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. సాధారణంగా ఆపరేషన్‌కు అన్నం, గేదె పాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. ఏడుపు చూడలేక అమ్మమ్మ చాటుగా తాగిస్తే, ఆ సంగతి దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. తిట్టినా ఫరవాలేదు, ఆపరేషన్ వాయిదా పడుతుంది, అంతే కదా.

ఆపరేషన్ అయ్యాక నాలుగు నుంచి ఆరు గంటలు కాళ్ళు బరువుగా ఉండవచ్చు. అంతవరకు ఒంటరిగా నిలబడనివ్వకండి. చెప్పిన సమయం దాటినా కాళ్ళు ఆడించకపోయినా, మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.