ఎవరి పాట వారిదే: అండమాన్ నేర్పే ధ్వని పాఠం

2010 జనవరి 26న దేశమంతా గణతంత్ర దినోత్సవం జరుపుకుంటుండగా, అండమాన్ దీవుల్లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూశారు. ఆమె వయసు సుమారు 85 ఏళ్లు. 'బో' అనే భాష తెలిసిన చివరి మనిషి ఆమె. చివరి ఏళ్లలో ఆ భాషలో ఆమెతో మాట్లాడేందుకు మరో మనిషి లేరు. ఆమె పక్షులతో మాట్లాడేవారని ఆమెను ఎరిగినవారు చెప్పారు.

బో భాష మాట్లాడేవారు ఇప్పుడు లేకపోయినా బోవా గొంతు మిగిలింది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి 2005 నుంచి గ్రేట్ అండమానీ భాషలను రికార్డు చేశారు. బోవా మాటలు, కథలు, పాటలు ఆ రికార్డింగుల్లో ఉన్నాయి.

'సౌండ్ రికార్డింగ్ చదువుతాను' అని ఇంట్లో చెబితే, సినిమా స్టూడియోలో ఉద్యోగం దొరుకుతుందా అన్నదే మొదట ఎదురయ్యే ప్రశ్న. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అయితే సంగీతం, రికార్డింగు, సంగీత వ్యాపారం అనే మూడింటినీ కలిపి ఎందుకు చదవాలో తెలుసుకోవడానికి అండమాన్ దీవులకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

కాలితో వాయించే వాద్యం

గ్రేట్ అండమానీల సంగీతం గురించి తొలి వివరాలు బ్రిటిష్ అధికారుల రాతల్లో దొరుకుతాయి. ఇ.హెచ్. మ్యాన్ 1880లలో, ఎం.వి. పోర్ట్‌మన్ 1888లో ఈ సంగీతం గురించి రాశారు. వారు వర్ణించిన ప్రధాన వాద్యం ఒక చెక్క పలక. డాలు ఆకారంలో దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవుండే ఈ పలకను పడాక్ చెట్టు మాను నుంచి తొలిచి చేసేవారు. పడాక్ మన శేషాచలం ఎర్రచందనానికి దగ్గరి బంధువు. రెండూ వృక్షశాస్త్రంలో టెరోకార్పస్ ప్రజాతికే చెందుతాయి.

లోతుగా తొలిచిన వైపు నేలకు ఆనేలా పలకను బోర్లిస్తారు. పాడే వ్యక్తి ఒక కాలితో దాన్ని కదలకుండా పట్టి ఉంచి, రెండో కాలి మడమతో తాళం వేస్తాడు. ఉత్త నేల మీద కాలు తాటిస్తే చప్పుడు ఎక్కువ దూరం పోదు, ఆ శక్తి చాలావరకు మట్టిలోకే ఇంకిపోతుంది. పలక మీద కొడితే దాని విశాలమైన ఉపరితలమంతా కంపించి ఎక్కువ గాలిని కదిలిస్తుంది. పలకకు, నేలకు మధ్య ఉన్న గాలి కూడా దానితో పాటు కంపిస్తుంది. తీగ మీటితే పుట్టే చిన్న శబ్దాన్ని బొబ్బిలి వీణ కుండ పెద్దది చేస్తుంది కదా, ఈ పలక సూత్రమూ దాదాపు అదే. కాకపోతే వీణను వేళ్లతో మీటుతారు, దీన్ని మడమతో మోగిస్తారు.

పాటలో స్వరాలు కొన్నే. ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. మ్యాన్ మరో ఆసక్తికరమైన విషయం గమనించారు. లయ కోసం పాటలోని మాటలను ఎంతగా మార్చేస్తారంటే, దాని అర్థాన్ని కట్టినవాడే మళ్లీ మామూలు మాటల్లో వివరించాల్సి వచ్చేది. పాటను ఒక్కదాన్నే రికార్డు చేస్తే సరిపోదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పాడినవారి చేతనే అర్థం చెప్పించి, దాన్నీ రికార్డు చేయకపోతే రేపు వినేవారికి శబ్దం మిగులుతుంది గాని పాట మిగలదు.

కాగితానికి అందనిది

పోర్ట్‌మన్ వ్యాసం అచ్చైన 1888 నాటికి ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టి పదకొండేళ్లు గడిచాయి. కానీ దాన్ని ఒక సముదాయం దగ్గరకు తీసుకెళ్లి పాటలు రికార్డు చేయడం ఇంకా మొదలవలేదు. 1890లో అమెరికాలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ మైనపు సిలిండర్ల మీద పాసమాక్వడీ తెగవారి పాటలను నమోదు చేశారు. ఈ తరహా క్షేత్ర రికార్డింగుల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. అందుకే పోర్ట్‌మన్‌కు చెవి, కాగితం తప్ప వేరే సాధనం లేదు.

చెవి మోసం చేస్తుంది. ఒక సంగీత సంప్రదాయంలో పెరిగిన చెవి, మరో సంప్రదాయపు స్వరాన్ని తనకు తెలిసిన దగ్గరి స్వరంలోకి నెట్టేస్తుంది. ఈ చిక్కు తీర్చడానికే 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ ఒక అష్టకాన్ని 1,200 సెంట్లుగా విభజించే కొలమానం ఇచ్చారు. ఇప్పుడు రికార్డింగు ఉంటే ప్రతి స్వరాన్నీ సెంట్లలో కొలవవచ్చు. స్పెక్ట్రోగ్రామ్ గీసి గొంతులోని కంపనాలను కంటితో చూడవచ్చు. అబ్బి రికార్డింగుల విలువ ఇక్కడే తెలుస్తుంది. వాటి ఆధారంగానే ఆమె గ్రేట్ అండమానీ నిఘంటువు, వ్యాకరణం తెచ్చారు. 2021లో వచ్చిన ఆమె పుస్తకంలో 10 కథలు, 46 పాటలు ఉన్నాయి.

యంత్రం లేని రోజుల్లో ఇలాంటి పని చేసినవారు మనలోనూ ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి సవరల భాష నేర్చుకుని, వారి కథలు, పాటలు సేకరించారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం వెలువడింది. వ్యావహారిక భాషోద్యమ నేతగా మనం గౌరవించే గిడుగు, కొండల్లో కూర్చుని చెవినే రికార్డరుగా చేసుకున్న శాస్త్రజ్ఞుడు కూడా.

కీచురాళ్ల మధ్య మైకు

ఇప్పుడు జేబులో పట్టే రికార్డరు ఉంది. అయినా చదువు ఎందుకు? అండమాన్ అడవిలో ఒక సాయంత్రం మైకు పెట్టి చూస్తే సమాధానం దొరుకుతుంది.

కీచురాళ్ల రొదలో శక్తి ఎక్కువగా 3,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అచ్చుల బలం చాలావరకు అంతకన్నా కింద ఉంటుంది కనుక అవి బయటపడతాయి. కానీ 'స' వంటి హల్లుల గుర్తులు ఎక్కువగా 4,000 హెర్ట్జ్ పైన ఉంటాయి. కీచురాళ్లు ముందుగా మింగేది వాటినే. ఒక భాషకు చివరి గొంతును నమోదు చేస్తున్నప్పుడు ఒక్క హల్లు పోయినా, మళ్లీ పలకమని అడగడానికి రేపు ఎవరూ ఉండకపోవచ్చు.

దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, దూరం సరిచేస్తే చాలు. మైకుకు, నోటికి మధ్య దూరం రెట్టింపైతే గొంతు మట్టం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న రొద మాత్రం తగ్గదు. కాబట్టి మైకును 60 సెంటీమీటర్ల నుంచి 30కి తెస్తే, రొదతో పోల్చినప్పుడు గొంతు 6 డెసిబెల్స్ మెరుగవుతుంది. సముద్రపు గాలికి బొచ్చు కవచం, ఒక దిక్కు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే మైకు, వాన మొదలవకముందే పని ముగించే ముందుచూపు తోడైతే సగం పని అయినట్టే.

మిగతా సగం అంకెల్లో ఉంది. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఒక ధ్వనిని అంకెల్లోకి మార్చాలంటే దాని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు సెకనుకు కొలవాలి. సీడీలో సెకనుకు 44,100 కొలతలు ఉండటానికి కారణం ఇదే. భద్రపరిచే రికార్డింగులకు 48,000 కొలతలు, ఒక్కో కొలతకు 24 బిట్లు కనీస ప్రమాణంగా పాటిస్తారు. 16 బిట్లతో సుమారు 96 డెసిబెల్స్ అంతరం నమోదవుతుంది. 24 బిట్లతో సిద్ధాంతరీత్యా 144 వరకు వెళ్లవచ్చు. గుసగుసనూ, పలక మీద మడమ దెబ్బనూ ఒకే ఫైలులో చెడకుండా పట్టాలంటే ఈ వెసులుబాటు కావాలి.

ఇలా రెండు చానళ్లలో ఒక గంట రికార్డు చేస్తే ఫైలు దాదాపు 1 జీబీ అవుతుంది. అదే గంటను 128 కేబీపీఎస్ ఎంపీ3గా చేస్తే 58 ఎంబీ చాలు. తేడా అంతా ఎక్కడికి పోయింది? మామూలు శ్రోత చెవి గమనించదని లెక్కగట్టిన భాగాన్ని ఎంపీ3 పారేస్తుంది. పాట వినడానికి ఆ లెక్క బాగానే ఉంటుంది. తెలియని భాషలో ఏది ముఖ్యమో ఆ లెక్కకు తెలియదు.

ఉప్పుగాలి, తేమ, టేపు

రికార్డు చేయడంతో పని పూర్తికాదు. ద్వీపాల్లో తేమ నిరంతర శత్రువు. పాత మాగ్నెటిక్ టేపు మీద అయస్కాంత పొడిని అంటిపెట్టుకుని ఉండే జిగురు తేమను పీల్చి విచ్ఛిన్నమవుతుంది. అలాంటి టేపు ప్లేయరులో జిగటగా అతుక్కుని పొడి రాలుస్తుంది. నిపుణులు కొన్ని రకాల టేపులను సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి నెమ్మదిగా వేడిచేసి, కొద్దికాలం పనికొచ్చేలా చేసి, ఆలోగా డిజిటల్‌లోకి ఎక్కిస్తారు. ఇది ఇంట్లో చేసి చూడాల్సిన పని కాదు. ధ్వని భద్రత ఎంత రసాయనశాస్త్రమో చెప్పడానికే ఈ ప్రస్తావన.

డిజిటల్ ఫైలుకూ చావుంది. డిస్కు పాడవుతుంది, ఫార్మాట్ మారిపోతుంది. అందుకే ఒకే ఫైలుకు వేర్వేరు చోట్ల కనీసం మూడు ప్రతులు ఉంచడం మంచి అలవాటు. ఎవరు పాడారు, ఎప్పుడు, ఎక్కడ, ఏ సందర్భంలో, ఎవరు వినవచ్చు అన్న వివరాలు ప్రతి ఫైలుతో పాటు ఉండాలి. పేరు లేని ఫైలు ఊరు రాయని ఉత్తరం లాంటిది.

పాట ఎవరి సొత్తు?

1906-08లో అండమాన్‌లో పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్, 1922లో అచ్చైన తన గ్రంథంలో ఒక నియమం గురించి రాశారు. అక్కడ ప్రతివాడూ తన పాటలు తానే కట్టుకుంటాడు. నృత్య సభలో ఇంకొకరి పాటను ఎవరూ పాడరు. హక్కుపత్రాలు, కోర్టులు లేని సమాజంలో ఎవరి పాట వారిదే అన్నది మర్యాదగా నిలిచింది.

మన చట్టం అక్కడికి రావడానికి చాలాకాలం పట్టింది. 1957 కాపీరైట్ చట్టంలో మొదట, రాతలో ఉన్న సంగీతానికే సంగీత రచనగా గుర్తింపు. 1994 సవరణ తరువాతే రాయకుండా నోటితో కట్టిన సంగీతానికీ ఆ గుర్తింపు దక్కింది. అదే సవరణ పాడేవారికి ప్రదర్శకుల హక్కును ఇచ్చింది. అది ఇప్పుడు 50 ఏళ్లు వర్తిస్తుంది. కానీ రికార్డింగు అనే వస్తువు మీద తొలి హక్కు చట్టప్రకారం దాన్ని తయారుచేయించిన నిర్మాతది. అది ప్రచురణ నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంటే పాట, గొంతు, రికార్డింగు వేర్వేరు ఆస్తులు. సంగీత వ్యాపారం చదివే విద్యార్థి మొదట నేర్చుకోవాల్సింది ఈ మూడింటి మధ్య గీత ఎక్కడుందో.

ఆ గీత చెరిగిపోతే ఏమవుతుందో మరో ద్వీపం చూపించింది. సోలమన్ దీవుల్లో అఫునాక్వా అనే మహిళ పాడిన లాలిపాటను సంగీత శాస్త్రజ్ఞుడు హ్యూగో జెంప్ 1970 ప్రాంతంలో రికార్డు చేశారు. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచ్ బృందం ఆ గొంతును తమ పాటలో వాడుకుంది. ఆ ఆల్బమ్ ప్రపంచమంతా లక్షల్లో అమ్ముడైంది. తన రికార్డింగును అలా వాడటాన్ని జెంప్ బహిరంగంగా తప్పుపట్టారు. శాస్త్రం కోసం, సద్బుద్ధితో చేసిన రికార్డింగు కూడా ఒకనాడు అంగట్లోకి వెళ్లవచ్చని ఆ ఉదంతం నేర్పింది. పాడేవారి నుంచి సమ్మతి తీసుకోవడమంటే కాగితం మీద వేలిముద్ర వేయించడం కాదు. ఈ గొంతు ఎక్కడెక్కడికి పోగలదో వారికి అర్థమయ్యేలా చెప్పడం.

అండమాన్‌లో దీనికి మరో అంచె ఉంది. జారవా, సెంటినలీస్ వంటి తెగల ప్రాంతాలను 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు కాపాడుతున్నాయి. అనుమతి లేకుండా అక్కడికి వెళ్లడం నేరం. మైకు ఉన్నంత మాత్రాన ప్రతి ధ్వనీ మనది కాదు. రికార్డు చేయకుండా ఆగడం కూడా ఈ చదువులో ఒక పాఠమే.

ఎక్కడ చదవాలి?

సినిమా ధ్వని కోసం పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ మూడేళ్ల కోర్సులు నడుపుతున్నాయి. సంగీతాన్ని శాస్త్రంగా చదవాలనుకునేవారికి విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వంటి చోట్ల సంగీత శాఖలున్నాయి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద, గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. 1982లో ఏర్పడి గురుగ్రామ్‌లో పనిచేస్తున్న ఎథ్నోమ్యూజికాలజీ భాండాగారం క్షేత్ర రికార్డింగులను భద్రపరుస్తోంది. పదివేల మందికన్నా తక్కువ మంది మాట్లాడే భాషలను నమోదు చేసేందుకు మైసూరులోని కేంద్ర భారతీయ భాషా సంస్థ 2013 నుంచి ఒక పథకం నడుపుతోంది.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అప్పటి పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురంలో తెలుగు పాట వినిపించడం వింత కాదు. అదే జనగణనలో గ్రేట్ అండమానీలు 44 మంది. ఆ దీవుల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో ఒక్కరైనా ధ్వని చదువుకుని, అనుమతితో, మర్యాదతో పొరుగువారి గొంతు వినడానికి కూర్చుంటే అది చిన్న విషయం కాదు. ముందుగా ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో దీవికి వలస వచ్చిన అమ్మమ్మ పాడే పాటను ఫోనులోనైనా, గది కిటికీలు మూసి, ఒక మూర దూరం నుంచి రికార్డు చేసి, చివర్లో ఆమె పేరు, ఊరు, పాట అర్థం ఆమె చేతనే చెప్పించండి. ఆ తరువాత ఆ ఫైలును ఎవరికి పంపవచ్చో కూడా ఆమెనే అడగండి.