ఎండల్లో పూచే అడవి

ఫాల్గుణ మాసంలో మీరెప్పుడైనా నల్లమల మీదుగా ప్రయాణం చేశారా? కొండలన్నీ బూడిదరంగుకు తిరిగి బోసిగా ఉంటాయి. ఆ ఎండు కొమ్మల నడుమ అక్కడక్కడ నిప్పంటుకొన్నట్లు ఎర్రని పూలు కనిపిస్తాయి. అవి మోదుగ పూలు. చెట్టుమీద ఆకన్నది లేదు, పూలు మాత్రం వందలకొద్దీ! నేలలో తడి ఆరిపోయింది. వాన రావటానికి ఇంకా మూడు నెలలుంది. నీళ్లు కరువైన రోజుల్లో మనం ఇంట్లో పెళ్లి పెట్టుకోం గదా! మరి ఈ చెట్టు సరిగ్గా ఇప్పుడే ఎందుకు పూసింది?

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా బడి వెనక ఖాళీ స్థలంలో అడవి చెట్ల తోట వేశాం. మోదుగ, రేల, ఇప్ప మొక్కలు తెచ్చి నాటాం. శివరాత్రి వెళ్లేసరికి మోదుగ మొక్కలన్నీ ఎండుపుల్లలయ్యాయి. చచ్చిపోయాయనుకొని పీకి పారేశాం. పీకుతుంటే వేళ్లు సగంలో తెగాయి. తెగినచోట పచ్చిగానే ఉంది. ఆ సంగతి అప్పుడు ఎవ్వరం పట్టించుకోలేదు.

ముందు ఆకుల సంగతి చూద్దాం. ఆకు ఆహారం తయారుచేయాలంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావాలి. దానికోసం ఆకు తన పత్రరంధ్రాలను తెరుస్తుంది. తెరిచిన దారినే లోపలి నీరు ఆవిరై బయటకు పోతుంది. వానాకాలంలో ఇది పెద్ద నష్టం కాదు, వేళ్లు వెంటనే నీటిని తోడి ఇస్తాయి. పైనేల ఎండిపోయిన తరువాత మాత్రం ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. అప్పుడు చెట్టు ఆకులోని పనికొచ్చే పోషకాలను చాలావరకు కాండంలోకి వెనక్కు లాక్కొంటుంది. తొడిమ మొదట్లో ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఆకు అక్కడ విడిపోయి రాలుతుంది.

ఇక్కడే మనం పొరబడుతుంటాం. ఆకు రాల్చిన చెట్టును చూసి, పాపం దాహంతో ఉందనుకొంటాం. నిజానికి ఆకులు పోగానే నీటి ఖర్చు దాదాపు ఆగిపోతుంది. లోతుకు దిగిన వేళ్లు మాత్రం ఎంతో కొంత తడిని పీలుస్తూనే ఉంటాయి. కుళాయి కట్టేసిన తొట్టిలాగా కాండం మెల్లగా నిండుతుంది. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో ఇలాంటి అడవులే ఉన్నాయి. అక్కడి చెట్ల కాండాల్లో ఎంత నీరు ఉంటున్నదో కొలిచి, రాల్ఫ్ బోర్చెర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1994లో ఈ విషయాన్ని వివరించాడు. మెత్తని కలపగల చెట్లు కాండంలోనే బోలెడు నీరు దాచుకొంటాయి. మన బూరుగు అలాంటిదే. అందుకే అది మోదుగతో పోటీపడి, ఒక్కోసారి ఇంకా ముందే, దోసిలి పట్టేంత ఎర్రని పూలు పూస్తుంది.

పూయగలగటం సరే, ఎండల్లోనే పూయటంవల్ల లాభమేమిటి? అమెరికా శాస్త్రజ్ఞుడు డేనియల్ జాన్జెన్ 1967లో ఈ ప్రశ్నే వేశాడు. ఆకులు అడ్డులేవు గనుక పూలు చాలా దూరానికి కనబడతాయి. పుప్పొడిని, తేనెను పాడుచేసే వాన లేదు. మోదుగ చెట్టుకింద ఒక ఉదయం నిలబడి చూడండి. గోరింకలు, తేనెపిట్టలు, ఉడుతలు ఎంత సందడి చేస్తాయో! వేసవి చివరికి కాయ ముదురుతుంది. పలుచని రేకులాంటి ఆ కాయ కొసన ఒకే ఒక గింజ ఉంటుంది. తొలకరికి ముందు వీచే ఈదురుగాలి దాన్ని ఎగరేసుకుపోతుంది. గింజ నేల చేరేసరికి వాన సిద్ధం!

అయితే అన్ని చెట్లూ ఈ లెక్కకు లొంగవు. టేకు వానాకాలంలో, నిండా ఆకులున్నప్పుడే పూస్తుంది. రేల ఎండల్లోనే పసుపు గుత్తులు వేలాడదీస్తుంది గాని, దాని మూరెడు కాయ ముదరటానికి దాదాపు ఏడాది పడుతుంది.

ఇప్ప కథ వేరు. దాని పూలు రాత్రిపూట విచ్చుతాయి. గబ్బిలాలు వచ్చి వాలుతాయి. తెల్లవారేసరికి చక్కెరతో నిండిన కండగల ఆకర్షణపత్రాలు కేసరాలతో సహా నేల రాలుతాయి. అండాశయం మాత్రం కొమ్మకే ఉండిపోతుంది. అందుచేత గిరిజనులు బుట్టలకొద్దీ పూలు ఏరుకొన్నా కాయలకు లోటు రాదు. పూలు తేలికగా కనబడాలని చెట్టుకింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ నిప్పుతోనే చిక్కు. అది పాకితే అడవిలోని లేత మొలకలు మాడిపోతాయి.

వాన పడితేనే చెట్లు చిగురిస్తాయనుకొంటాం. కానుగను చూడండి! చైత్రానికే లేత ఆకులతో తళతళలాడుతుంది. బీడీలు చుట్టే తునికాకును ఎండలు మండే రోజుల్లోనే కోస్తారు. వాన రాని అడవిలో ఆ లేత ఆకు ఎక్కడిది? హైదరాబాదులో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు, జూన్ నెలలో 13 గంటలకు పైమాటే. ఇలా పెరిగే పగటి నిడివిని బట్టి ఎన్నో చెట్లు కాలాన్ని గుర్తిస్తాయి. వాన ఒక ఏడు ముందు, ఒక ఏడు వెనక రావచ్చు. పగటి నిడివి మాత్రం ఏ ఏడూ తప్పదు.

వానలు పడ్డాక పైన ఆకులు కమ్ముకొంటాయి, పూల సంత నేలమీదికి దిగుతుంది. దుంప రూపంలో వేసవి గడిపిన నాభి తీగ పొదలమీదికి పాకి, పసుపుగా విచ్చి ఎర్రగా మారే పూలు పూస్తుంది. (చూడండి గాని నోట పెట్టకండి, దుంప నుంచి గింజ దాకా విషమే.) ఆశ్వయుజం నాటికి తంగేడు, గునుగు వస్తాయి. వాటిని బతుకమ్మలో మీరు చూసే ఉంటారు.

మా తోట సంగతి చెప్పి ముగిస్తాను. ముళ్లకంప అడ్డమై పీకకుండా వదిలేసిన రెండు మోదుగ మొక్కలు మృగశిర కార్తెలో నేలలోనుంచి మళ్లీ చిగురించాయి. మరుసటి వేసవిలో ఎండాయి, వానలకు మళ్లీ లేచాయి. మోదుగ మొలక ఇలా కొన్నేళ్లపాటు పైభాగాన్ని వదులుకొంటూ లోపల వేరును లావుచేసికొంటుంది. వేరు చాలినంత బలిసిన తరువాతే కాండం వేసవికి తట్టుకొని నిలుస్తుంది. మీ బడి తోటలో ఇలాంటి పుల్ల కనిపిస్తే, పీకేముందు మొదట్లో మట్టి కాస్త తీసి, వేరును గోటితో గీకి చూడండి.