‘ఎపి’: ఒక చిన్న ఉపసర్గ, పలు వ్యాధినామములు

1994వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, తాపీనది వరదలు తీసిన పిమ్మట, సూరతు నగరమున న్యుమోనిక్ ప్లేగు పొడసూపినది. వేడ్ రోడ్డు ప్రాంతమున రోగులు కనబడిన కొలది దినములలోనే లక్షలాది జనులు నగరమును వీడిపోయిరి. మందుల దుకాణములలో టెట్రాసైక్లిను గుళికలు దొరకకుండెను. మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి వెళ్లి స్థిరపడిన కుటుంబములు ఆ నగరమున అనేకము కలవు. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచున్నది. అట్టి నగరమునుగూర్చి ఆనాడు ఆంగ్ల పత్రికలలో మాటిమాటికి కనబడిన పదము ‘ఎపిడెమిక్’. ఆ పదము భయమును కలిగించినంతగా అర్థమును తెలుపలేదు.

గ్రీకు భాషలో ‘ఎపి’ యనగా మీద, పైన అని అర్థము. ‘డెమోస్’ అనగా జనము. జనముమీదకు వచ్చినది ఎపిడెమిక్. హోమరు కాలమున తన దేశముననే యున్న మనుష్యుని గూర్చి చెప్పుటకు ఇట్టి పదమును వాడెడివారు. రోగముతో దానికి సంబంధము లేదు. తరువాత హిపోక్రటీసు పేర ప్రసిద్ధమైన గ్రంథములలో ఒకదానికి ఇదియే పేరయ్యెను. ఒక ఊర, ఒక ఋతువున, పెక్కుమందిని ఒక్కసారిగా ఆవరించిన జబ్బుల వర్ణనలు అందున్నవి. ఈ పదమునందు మరణమను అర్థము లేదు. అంటుకొనుట యను అర్థమును లేదు.

కావున దీనిని ‘అంటువ్యాధి’ యని తెనిగించుట వాడుకలో నున్నను, సరియైన అనువాదము కాదు. 1998లో ఢిల్లీనగరమున ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలియుటచే అనేకులకు కాళ్లు వాచి, కొందరు మరణించిరి. ఆ జబ్బునకు వైద్యులు పెట్టిన పేరు ఎపిడెమిక్ డ్రాప్సీ. అది ఒకరినుండి యొకరికి అంటునది కాదు. ఒకే నూనె వాడిన వారందరిమీద పడినది. మన చరకసంహితలోని ‘జనపదోద్ధ్వంసము’ అను మాట గ్రీకు పదమునకు మిక్కిలి చేరువగా నున్నది. గాలి, నీరు, నేల, కాలము అను నాలుగును చెడినప్పుడు, శరీరతత్త్వములు వేరువేరుగా నున్న మనుష్యులుకూడ ఒకే వ్యాధికి గురియగుదురని అందు చెప్పబడినది.

భాషాశాస్త్రజ్ఞుల మతమున గ్రీకు ‘ఎపి’యు సంస్కృతమునందలి ‘అపి’యు ఒకే మూలమునుండి పుట్టినవి. పైన కప్పునది గనుక మూతకు ‘అపిధానము’ అని పేరు. ‘కూడ’ అను అర్థమున ‘అపి’ శబ్దము మనకు సుపరిచితమే. గ్రీకునందును ‘ఎపి’కి ‘దానికి తోడుగా’ అను అర్థము కలదు. తెలుగు శాస్త్రపదములలో దీనికి మారుగా ఒకచోట ‘అధి’, ఒకచోట ‘ఉప’, ఒకచోట ‘బాహ్య’ వచ్చుటకు కారణము ఈ అర్థవైవిధ్యమే. చర్మముపై పొర ఎపిడెర్మిస్, అనగా బాహ్యచర్మము. మ్రింగునపుడు ఊపిరిత్రోవను మూయు రేకు ఎపిగ్లాటిస్, అనగా ఉపజిహ్విక. మూత్రపిండముపై నుండు అధివృక్కగ్రంథి స్రవించునది ఎపినెఫ్రిన్. దానినే లాటిను పదములతో కూర్చి అడ్రినలిన్ అందురు.

ఎపిలెప్సీ అను పదము మాత్రము వేరు త్రోవ పట్టినది. పైబడి పట్టుకొనుట యని దాని అర్థము. దేవతయో భూతమో పట్టుకొన్నదను పూర్వుల నమ్మకము ఆ పేరున నిలిచిపోయినది. హిపోక్రటీసు సంప్రదాయమునకు చెందిన గ్రంథమొకటి దానిని ఖండించి, మూర్ఛరోగమునకు మూలము మెదడేనని ఆనాడే వ్రాసినది. పేరు మాత్రము మారలేదు.

సూరతు ప్లేగునకు ముందునాళ్లలో ఈ ఉపసర్గ మరి రెండు చోట్ల కానవచ్చును. 1993 సెప్టెంబరు 30వ తేదీన మహారాష్ట్రమునందు కిల్లారి ప్రాంతమున భూకంపము సంభవించెను. భూగర్భమున కదలిక పుట్టిన తావునకు సరిగా పైనున్న భూతలస్థానమే ఎపిసెంటరు. కూలి పాడువడిన యిండ్లలో ధాన్యము నిలువయుండుటచే ఎలుకలు పెరిగినవని పలువురు నిపుణులు భావించిరి. 1994 ఆగస్టున బీడ్ జిల్లాలో బ్యుబోనిక్ ప్లేగు కనబడినది. జంతువులపై పడు ఉపద్రవమునకు ఎపిజూటిక్ అని పేరు. ‘జూన్’ అనగా జంతువు. ప్లేగు సాధారణముగా ఎపిజూటిక్ అయిన పిదపనే ఎపిడెమిక్ అగును. ఎలుకలు చచ్చినపుడు వాటి రోమములలో నుండు రెక్కలులేని చిన్న కీటకములు వేరు ఆహారమునకై మనుష్యులను కుట్టును. ఊపిరితిత్తులకు ప్లేగు సోకినచో మాత్రము దగ్గు తుంపురులద్వారా మనిషినుండి మనిషికి నేరుగా వ్యాపించును.

ఆ సంవత్సరము దేశమంతటను ప్లేగుచే మరణించినవారు యాబదిమందికి కొంచెము మించిరి. పారిపోయినవారు లక్షలు. కొందరు అది ప్లేగే కాదని వాదించిరి. 2000వ సంవత్సరమున హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలచే అది యెర్సీనియా పెస్టిస్ అను సూక్ష్మజీవియేనని నిరూపించిరి. 1995లో కమీషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు ఆధ్వర్యమున సూరతు వీధులు శుభ్రపడినవి.

ఒక ప్రదేశమున వ్యాధి ఎప్పుడును కొంత నిలిచియున్నచో అది ఎండెమిక్, అనగా జనములోపలిది. జగమంతటను వ్యాపించినచో పాండెమిక్. పైనుండి వచ్చినదానిని త్రోసివేయుటకన్న లోపల పాతుకొన్నదానిని తొలగించుట కష్టము. ప్లేగు క్రిములు అడవియెలుకలలో చిరకాలము దాగియుండ గలవు. అందుచే ఊరిలో ఎలుకలు ఉన్నట్టుండి రాలినచో వాటిని చేతితో తాకరాదు. వెంటనే ఆరోగ్యశాఖవారికి తెలుపవలెను. ఎలుకలను చంపుటకు ముందు కీటకనాశక మందు చల్లవలెను. ఈ క్రమము తప్పినచో దిక్కులేని కీటకములు ఇంటివారిని కుట్టును. జ్వరము వచ్చినవారు ఊరు విడిచి పోక, తొలిదినముననే వైద్యుని చూడవలెను. ఆలస్యము కానిచో ఈ వ్యాధికి సామాన్యమైన మందులే పనిచేయును.