మొదటి ముక్కలోనే అసలు ఆట
పంచిన ముక్కలు అదృష్టం, ఆడే తీరు నైపుణ్యం. బ్రిడ్జిలో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తేల్చేది తొలి నిమిషమే

పేక ముక్కలు చేతపట్టినవాణ్ణి తెలుగిళ్లలో మెచ్చుకునేవారు తక్కువ. పేకాటంటే కొంపలు ముంచే వ్యసనమన్నది తరతరాలుగా స్థిరపడిన అభిప్రాయం. పొట్ట చేతపట్టుకుని ఊరు దాటినవారు ఆవకాయ జాడీతో పాటు ఈ అభిప్రాయాన్నీ వెంట తీసుకెళ్లారు. చత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ అందుకు మినహాయింపు కాదు.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఉక్కు పట్టణమది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. విశాఖ-రాయపూర్ రైలు మార్గం మీదుగా ఉత్తరాంధ్ర నుంచి ఎందరో అక్కడికి చేరుకున్నారు. సెక్టార్లుగా విడదీసిన టౌన్‌షిప్, మూడు షిఫ్టుల జీవితం, సాయంత్రం కాలక్షేపానికి క్లబ్బు: ప్రభుత్వ రంగ పట్టణాలన్నిటిదీ దాదాపు ఇదే నమూనా. మన దేశంలో బ్రిడ్జికి ఆశ్రయమిచ్చింది కూడా ఇలాంటి ఆఫీసర్ల క్లబ్బులు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లు, సైనిక మెస్సులే.

2023లో భిలాయ్ పేరు మరో కారణంగా దేశమంతటా మారుమోగింది. మహాదేవ్ ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్ కేసులో ప్రధాన నిందితులు ఆ ఊరివారే కావడంతో ఉక్కు పట్టణం కాస్తా జూదం వార్తల్లోకెక్కింది. మరి అదే 52 ముక్కలతో ఆడే బ్రిడ్జిని ఏ గాటన కట్టాలి?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఏనాడో జవాబిచ్చింది. విశేషమేమిటంటే అది తెలుగు నేల మీద పుట్టిన కేసు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకోవడంతో మొదలైన వివాదం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, కె. సత్యనారాయణకూ మధ్య వ్యాజ్యంగా ఢిల్లీ చేరింది. 1967 నవంబరులో తీర్పు రాసిన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా, భిలాయ్‌కి కూతవేటు దూరంలోని రాయపూర్‌లోనే హైస్కూలు చదువు పూర్తి చేసినవారు. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని ఆయన తేల్చారు. అందుకు కొలబద్దగా తీసుకున్నది బ్రిడ్జినే. రమ్మీలో అదృష్టం పాత్ర బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండేంతటిదేనన్నారు. అంటే బ్రిడ్జి నైపుణ్యం సంగతి వేరే రుజువు చేయనక్కర్లేదన్నమాట.

పంపకంలో అదృష్టముంది, సరే. నైపుణ్యం ఎక్కడ మొదలవుతుంది? ఆట తెలిసినవారు చూపించేది రెండు ఘట్టాలను. ఒకటి, తొలి ముక్క వేయడం. రెండు, దానికి బదులు వేసే ముందు ఎదుటి ఆటగాడు తీసుకునే విరామం.

చీకట్లో వేసే ముక్క

బ్రిడ్జిలో నలుగురు రెండు జట్లుగా ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్నవారు భాగస్వాములు. తలా 13 ముక్కలు. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్. మొత్తం 13 ట్రిక్కుల్లో ఎన్ని గెలుస్తామన్నది ముందు వేలంపాటలో తేలుతుంది. పాట నెగ్గిన జట్టులో ఒకరు డిక్లేరర్. అతని ఎడమవైపు ఆటగాడు తొలి ముక్క వేయాలి. దాన్నే ఓపెనింగ్ లీడ్ అంటారు. ఆ తర్వాతే డిక్లేరర్ భాగస్వామి తన ముక్కలన్నీ బల్లపై పరిచి డమ్మీగా మారతాడు. ఇక ఆ ముక్కలనూ డిక్లేరరే ఆడతాడు.

అంటే డమ్మీని చూడకుండా వేసే ముక్క ఆట మొత్తంలో అదొక్కటే. లీడ్ చేసేవాడికి కనిపించేవి తన 13 ముక్కలే, మిగతా 39 చీకట్లోనే. అయితే గుడ్డిగా వేయాల్సిన పనిలేదు. వేలంపాట మొత్తం విన్నాడు కదా. ఎవరు ఏ రంగు పాడారు, ఎవరు తటపటాయించకుండా పైకెళ్లారు, భాగస్వామి నోరు విప్పాడా లేదా అన్నవన్నీ ఆనవాళ్లే.

తురుపు లేని ఆటలో, అంటే నో ట్రంప్‌లో, పొడవైన రంగులో పెద్దవాటి నుంచి లెక్కపెట్టి నాలుగో ముక్క వేయడం పాత సంప్రదాయం. చిన్న ముక్కలు కూడా చివర్లో గెలుపు ముక్కలవుతాయన్న ఆశ దాని వెనకుంది. చేతిలో రాజు, రాణి, జాకీ వరసగా ఉంటే రాజునే వేస్తారు. భాగస్వామి ఏదైనా రంగు పాడి ఉంటే దానికి తొలి ప్రాధాన్యం.

తురుపు ఉన్న ఆటలో లెక్క మారుతుంది. రాజు, జాకీ ఉన్న రంగులో చిన్న ముక్క వేస్తే ప్రత్యర్థికి ఒక ట్రిక్ అప్పనంగా అందించినట్టు కావచ్చు. అలాంటప్పుడు పది, తొమ్మిది, ఎనిమిది వరస ఉన్న రంగే క్షేమం. కానీ డమ్మీలో పొడవైన రెండో రంగు ఉందని పాటలో తేలితే నిదానం పనికిరాదు. డిక్లేరర్ తనకు అక్కర్లేని ముక్కలను ఆ రంగు మీద వదిలించుకునేలోపే దాడి చేయాలి. అదే డమ్మీలో ఏదో రంగు కొరతగా ఉండి, తురుపుతో కోసుకునేలా కనిపిస్తే తురుపు ముక్కే లీడ్ చేసి ఆ కోతలను తగ్గించాలి. సూత్రాలు అందరికీ తెలుసు. ఈ పాటకు ఏ సూత్రం వర్తిస్తుందో పోల్చుకోవడంలోనే ఉంది ఒడుపు.

ముక్క వేయకముందే లెక్క

లీడ్ పడింది, డమ్మీ పరిచారు. కొత్తగా నేర్చుకునేవారు చేసే పొరపాటు వెంటనే ఓ ముక్క వేసేయడం. చేయి తిరిగిన డిక్లేరర్ అక్కడే ఆగుతాడు. ఖాయంగా వచ్చే ట్రిక్కులెన్ని? ఇంకెన్ని కావాలి? అవి ఏ రంగులో వస్తాయి? మధ్యలో పట్టు చేజారితే ఎవరికి పోతుంది?

ఒక ఉదాహరణ చూస్తే సంగతి బోధపడుతుంది. కాంట్రాక్టు మూడు నో ట్రంప్, తొమ్మిది ట్రిక్కులు కావాలి. ఎడమవైపు ఆటగాడు ఇస్పేటు అయిదు లీడ్ చేశాడు. డమ్మీలో ఇస్పేటు ఆరు, మూడు మాత్రమే ఉన్నాయి. డిక్లేరర్ చేతిలో ఆసు, ఏడు, నాలుగు. కుడివైపు ఆటగాడు రాణి వేశాడు. ఆసు వేస్తే ట్రిక్ మనదే. వేయాలా?

ముందు లెక్క. ఇస్పేటులో ఒకటి, హార్ట్స్‌లో ఆసు, రాజు కలిసి రెండు, కళావరులో ఆసు, రాజు కలిసి రెండు: మొత్తం అయిదు. డమ్మీలో డైమండ్ ఆసు, రాణి, జాకీ, పది, అయిదు ఉన్నాయి. లేనిది రాజు. డిక్లేరర్ చేతిలో మూడు చిన్న డైమండ్లు. రాజు ఎడమవైపు ఉందన్న ఆశతో చేతిలోంచి చిన్న డైమండ్ ఆడి, డమ్మీ నుంచి రాణి వేసి చూడటాన్ని ఫినెస్ అంటారు. అది ఫలించే అవకాశం సగం. ఫలించకపోయినా డైమండ్స్‌లో నాలుగు ట్రిక్కులు మిగులుతాయి. అయిదూ నాలుగూ తొమ్మిది. కాంట్రాక్టు పూర్తి.

మరి ప్రమాదమెక్కడ? ఫినెస్ విఫలమైతే పట్టు కుడివైపు ఆటగాడికి పోతుంది. మొదటే ఆసు వేసేసి ఉంటే అతను మళ్లీ ఇస్పేటు ఆడతాడు. ఎడమవైపు అయిదు ఇస్పేట్లుంటే అక్కడ నాలుగు ట్రిక్కులు, డైమండ్ రాజుతో కలిపి అయిదు పోతాయి. ఒక్క ట్రిక్ తేడాతో కాంట్రాక్టు గల్లంతు.

అందుకే తెలిసినవాడు ఆసును రెండుసార్లు దాస్తాడు. మూడో ఇస్పేటుకు గానీ వేయడు. ఇస్పేట్లు అయిదు, మూడుగా పంచబడి ఉంటే అప్పటికి కుడివైపు ఆటగాడి దగ్గర ఆ రంగు అయిపోతుంది. డైమండ్ రాజుతో పట్టు దొరికినా భాగస్వామికి అందించడానికి అతని దగ్గర ఇస్పేటు ఉండదు. నాలుగు, నాలుగుగా ఉన్నా భయం లేదు. అప్పుడు పోయేవి మూడు ఇస్పేట్లు, ఒక డైమండ్, అంతే. గెలవగలిగిన ట్రిక్కును రెండుసార్లు చేతులారా వదులుకోవడమే ఇక్కడ గెలుపు సూత్రం.

ఇలాంటిదే మరో లెక్క. గెలవడానికి రెండు దారులున్నాయనుకుందాం. ఒకటి, ప్రత్యర్థుల దగ్గరున్న ఆరు ముక్కలు మూడు, మూడుగా పంచబడి ఉండటం. దానికి అవకాశం 36 శాతం. రెండోది 50 శాతం అవకాశమున్న ఫినెస్. అది విఫలమైతే ఆట పోతుంది. తొందరపాటు మనిషి ఎక్కువ శాతమున్న ఫినెస్‌కే మొగ్గుతాడు. ఆలోచనాపరుడు ముందు ఆసు, రాజు, రాణి ఆడి మొదటి దారిని పరీక్షిస్తాడు. పట్టు చేజారదు కాబట్టి నష్టం లేదు. అది కుదరకపోతేనే ఫినెస్. రెండూ కలిస్తే అవకాశం దాదాపు 68 శాతం. ముక్కలు అవే, అదృష్టం అదే. మారిందల్లా వరస.

జూదానికీ ఆటకూ మధ్య

పోటీల్లో ఆ మిగిలిన అదృష్టాన్ని కూడా చాలావరకు తీసేశారు. డూప్లికేట్ పద్ధతిలో ఒకే పంపకాన్ని వేర్వేరు బల్లలపై వేర్వేరు జట్లు ఆడతాయి. అవే ముక్కలతో ఎవరెన్ని ట్రిక్కులు తెచ్చారన్నదే పోలిక. నాకు మంచి ముక్కలు రాలేదనే సాకుకు అక్కడ తావులేదు.

ఈ పద్ధతిలోనే బ్రిడ్జి 2018 జకార్తా ఆసియా క్రీడల్లో తొలిసారి అడుగుపెట్టింది. పురుషుల జంటల విభాగంలో 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శిబ్‌నాథ్ సర్కార్ భారత్‌కు స్వర్ణం తెచ్చారు. 2023లో హాంగ్జౌ క్రీడల్లో పురుషుల జట్టు రజతం గెలిచింది. పేకాటకు పతకాలా అని నొసలు చిట్లించినవారూ లేకపోలేదు.

చట్టం మాత్రం మరో మలుపు తిరిగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టింది. సికింద్రాబాద్ కేసు గీసిన గీత అక్కడ చెరిగిపోయింది. పందెం లేని బ్రిడ్జి బల్లకు దానివల్ల వచ్చిన ఇబ్బందేమీ లేదు. దాని ఇబ్బంది వేరు. నలుగురు ఒకచోట కుదురుగా కూర్చోవాలి, నేర్చుకోవడానికి నెలలు పట్టాలి. ఫోన్ తెర మీద క్షణంలో పందెం తేలిపోయే కాలంలో అంత ఓపిక ఉన్న కుర్రకారు ఎంతమంది?

భిలాయ్ లాంటి పట్టణానికి ఈ ప్రశ్న మరింత వర్తిస్తుంది. బెట్టింగ్ యాప్ ఆడేవాణ్ణి ఆలోచించనివ్వదు, వెంటనే మరో పందెం వేయమంటుంది. బ్రిడ్జి ఆగమంటుంది. చేతిలో ఆసు ఉన్నా సరే, ముందు లెక్క చూసుకోమంటుంది. తల్లిదండ్రులు నిజంగా భయపడాల్సింది ముక్కలకు కాదు, ఆ విరామం లేని ఆటకు.